బాపట్లలో వ్యవసాయం చదివి షికాగోలో నర్సునయ్యాను

నేను బాపట్ల వ్యవసాయ కళాశాలలో బీఎస్సీ అగ్రికల్చర్ చదివాను. ఇప్పుడు షికాగో శివార్లలో ఒక ఆస్పత్రిలో నర్సుగా పనిచేస్తున్నాను. ఈ రెంటికీ మధ్య చేసింది నర్సింగ్‌లో మాస్టర్స్. అరోరా బాలాజీ గుడిలో ప్రసాదం లైన్లో నిలబడినా, ఎవరింట్లోనో పిల్లల పుట్టినరోజుకి వెళ్లినా, ఎవరో ఒకరు పక్కకి పిలిచి అడుగుతారు. "నర్సింగ్ డిగ్రీ లేకుండా నర్సింగ్‌లో మాస్టర్స్ ఎలా ఇచ్చారు?" అడిగేవాళ్లలో ఎక్కువమంది హెచ్-4 వీసా మీద, అంటే హెచ్-1బీ ఉద్యోగి భార్యగానో భర్తగానో వచ్చినవాళ్లే. పిల్లలు స్కూలుకి వెళ్లడం మొదలయ్యాక ఇప్పుడేం చేద్దామా అని ఆలోచనలో పడ్డవాళ్లు. ఎం.ఎస్సీ. బయోటెక్నాలజీ చేసినవాళ్లు ఉన్నారు, బీ.ఫార్మసీ వాళ్లు ఉన్నారు, బీటెక్ చేసి హైదరాబాద్‌లో టెస్టింగ్ ఉద్యోగం వదిలేసి వచ్చినవాళ్లు ఉన్నారు. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే ఒకచోట వివరంగా రాస్తే మేలనిపించింది.

ఇండియాలో ఈ దారి లేదు. అక్కడ ఎం.ఎస్సీ. నర్సింగ్‌లో చేరాలంటే బీఎస్సీ నర్సింగో పోస్ట్ బేసిక్ బీఎస్సీనో ఉండి తీరాలి. వేరే డిగ్రీ చేసినవాళ్లు మళ్లీ మొదటి సంవత్సరం నుంచి మొదలుపెట్టాల్సిందే. అమెరికాలో మాత్రం ఏ సబ్జెక్టులోనైనా బ్యాచిలర్స్ ఉంటే, కొన్ని సైన్సు కోర్సులు పూర్తిచేసి నేరుగా నర్సింగ్ మాస్టర్స్‌లో చేరొచ్చు. డైరెక్ట్ ఎంట్రీ అంటారు. షికాగోలోనే రష్ యూనివర్సిటీలో ఒకటి, డిపాల్ యూనివర్సిటీలో ఒకటి ఉన్నాయి. ఇంగ్లండ్‌లోనూ ఆస్ట్రేలియాలోనూ ఇలాంటి రెండేళ్ల కోర్సులున్నాయి. ఇక్కడ చదువు పూర్తయ్యాక నర్సులందరూ రాసే ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్ పరీక్షే మనమూ రాయాలి. వచ్చే లైసెన్సూ అందరిదీ ఒకటే, ఆర్‌ఎన్, అంటే రిజిస్టర్డ్ నర్స్.

మాస్టర్స్ అనగానే చాలామంది నర్స్ ప్రాక్టీషనర్ అనుకుంటారు. అంటే రోగిని చూసి మందులు రాసే ఉద్యోగం. యేల్ లాంటి కొన్ని యూనివర్సిటీల్లో మొదట నర్సింగ్ నేర్పించి, అదే కోర్సులో ప్రాక్టీషనర్ దాకా తీసుకెళ్తారు. చాలా కోర్సులు అలా కాదు. నేను చేసిన కోర్సూ అలాంటిది కాదు. అది చదివి బయటికొస్తే చేరేది వార్డులో, పన్నెండు గంటల షిఫ్టులో, రోగి మంచం పక్కన. నాతోపాటు అదే ఫ్లోరులో చేరిన ఒక అమ్మాయి కమ్యూనిటీ కాలేజీలో ఏ.డి.ఎన్. అనే రెండేళ్ల నర్సింగ్ డిగ్రీ చదివింది. ఇద్దరికీ మొదటి జీతం ఒకటే. ఐవీ పెట్టడంలో ఆమె చెయ్యి నాకంటే ముందే తిరిగింది. పని ఒకటే అయినప్పుడు జీతం ఒకటే ఉండటం న్యాయమని నేననుకుంటాను.

అందుకే నన్ను అడిగిన ప్రతివాళ్లకీ మొహమాటం లేకుండా ఈ మాట చెబుతున్నాను. మంచం దగ్గరి పని ఇష్టమైతేనే ఈ చదువులోకి రండి. మాస్టర్స్ అన్న పేరు కోసం వస్తే డబ్బూ పోతుంది, మనసూ విరుగుతుంది.

నాకు ఆ ఇష్టం ఎక్కడ మొదలైందో చెప్పాలి. ఇక్కడికి వచ్చిన కొత్తలో, ఇండియన్ పెద్దవాళ్లు పగలంతా గడిపే ఒక అడల్ట్ డే కేర్‌కి వాలంటీరుగా వెళ్లేదాన్ని. టీ పోయడం, క్యారమ్స్ బల్ల సర్దడం, అంతే నా పని. అక్కడ ఒక గుజరాతీ నర్సు ఉండేది. సుగరు ఉన్నవాళ్ల పాదాలు చూసేటప్పుడు ఆమె కింద పీట వేసుకుని కూర్చుని, పాదం తన ఒళ్లో పెట్టుకుని, వేళ్ల సందుల్లో ఒక్కొక్కటీ విడదీసి చూసేది. సన్నటి నైలాన్ పోగుతో అరికాలు మీద తాకించి "తెలుస్తోందా?" అని అడిగేది. స్పర్శ తెలియని చోట పుండు పడినా ఆ మనిషికి తెలియదు, ఇంకెవరో చూస్తేనే బయటపడుతుంది. బాపట్లలో మా ప్లాంట్ పాథాలజీ సారు మిరప ఆకుని తిరగేసి, ఈనె పక్కన వేలుపెట్టి చూపించే తీరు నాకు ఆమెలో కనిపించింది. నాకు తెలిసిన పనే ఇది, మొక్క బదులు మనిషి, అనిపించింది. ఇంటికొచ్చి ఆ రాత్రే కోర్సుల కోసం వెతకడం మొదలుపెట్టాను.

వేరే చదువు చదివినవాళ్లని తొందరగా నర్సులుగా తయారుచేయడం కొత్త ఆలోచనేం కాదు. 1918 వేసవిలో, మొదటి ప్రపంచ యుద్ధం ఇంకా నడుస్తుండగా, వేర్వేరు కాలేజీల్లో డిగ్రీ పూర్తిచేసిన 400 మందికి పైగా ఆడపిల్లలకు న్యూయార్క్ రాష్ట్రంలోని వాసర్ కాలేజీలో 12 వారాల శిబిరం పెట్టారు. అనాటమీ, కెమిస్ట్రీ లాంటివన్నీ అక్కడే చదివించి ఆస్పత్రులకు పంపారు. మూడేళ్ల శిక్షణ వాళ్లకి రెండేళ్ల చిల్లరకు తగ్గింది. తర్వాత 1974లో యేల్ యూనివర్సిటీ, నర్సింగ్ కాని డిగ్రీ ఉన్నవాళ్ల కోసం మూడేళ్ల కోర్సు మొదలుపెట్టింది. మా తరగతిలో కూర్చుంటే ఆ ఆలోచన ఎందుకు నిలబడిందో తెలిసేది. నా పక్కన వయొలిన్ టీచరు, వెనక బెంచీలో సైన్యంలో బండ్లు రిపేరు చేసి వచ్చినాయన, ముందు వరుసలో బ్యాంకు ఉద్యోగం మానేసిన ఇద్దరు పిల్లల తల్లి. ముప్ఫై దాటినవాళ్లే ఎక్కువ. అందరూ బాగా ఆలోచించి, ఉన్న ఉద్యోగం వదిలి వచ్చినవాళ్లు. ఎంసెట్ ర్యాంకు ఎటు తోస్తే అటు వెళ్లిన నాకు, ఏం చదవాలో తామే ఎంచుకున్నవాళ్ల మధ్య కూర్చోవడం అదే మొదలు.

ఇక చేరడానికి ముందు పడాల్సిన శ్రమ. మన డిగ్రీని వెస్ లాంటి సంస్థతో మూల్యాంకనం చేయించాలి. నాది నాలుగేళ్ల డిగ్రీ కాబట్టి అమెరికా బ్యాచిలర్స్‌తో సమానమని తేలింది. మూడేళ్ల బీఎస్సీ, బీకామ్ వాళ్లు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. కొన్ని యూనివర్సిటీలు ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. ఎం.ఎస్సీ. కూడా ఉంటే మాట తేలికవుతుంది. నా ట్రాన్స్‌క్రిప్టుల కోసం మా తమ్ముడు గుంటూరు పక్కన లాంలో ఉన్న యూనివర్సిటీ ఆఫీసుకి వెళ్లాడు.

తర్వాత ప్రీరిక్విజిట్లు, అంటే చేరే ముందే పూర్తిచేయాల్సిన కోర్సులు. అనాటమీ అండ్ ఫిజియాలజీ రెండు భాగాలు, మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్, న్యూట్రిషన్, పుట్టుక నుంచి ముసలితనం దాకా మనిషి ఎదుగుదల చెప్పే సైకాలజీ. యూనివర్సిటీని బట్టి కొంచెం అటూ ఇటూ ఉంటాయి. నేను చదివిన మైక్రోబయాలజీ నేలలోని సూక్ష్మజీవులది. అది పనికిరాదన్నారు. పైగా చాలాచోట్ల సైన్సు కోర్సులు గత ఐదేళ్లలోనో ఏడేళ్లలోనో చదివినవి అయ్యుండాలి. ఇవన్నీ కమ్యూనిటీ కాలేజీలో చదవడమే తెలివైన పని. ఫీజు తక్కువ, సాయంత్రం క్లాసులుంటాయి, ల్యాబులు బాగుంటాయి. నేనలాగే చేశాను. పిల్లల్ని మా ఆయనకి అప్పజెప్పి సాయంత్రం అనాటమీ ల్యాబుకి వెళ్లేదాన్ని. ఎముకల పెట్టె ముందు కూర్చుని, మణికట్టులోని ఎనిమిది చిన్న ఎముకల పేర్లు ముట్టుకుని గుర్తుపట్టేదాకా లేచేదాన్ని కాదు.

డబ్బు విషయం దాచకుండా చెప్పాలి. హెచ్-4 మీద ఉన్నవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే స్టూడెంట్ లోన్లు రావు. మేం దాచుకున్నదంతా తీసి, మిగిలింది యూనివర్సిటీ వాయిదాల పద్ధతిలో కట్టాం. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి లోన్లు వస్తాయి కానీ, అక్కడా ఇప్పుడు మార్పు వచ్చింది. 2025 జూలైలో వచ్చిన చట్టం ప్రకారం 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునే గ్రాడ్యుయేట్ విద్యార్థులకు గ్రాడ్ ప్లస్ అనే ప్రభుత్వ లోన్ ఉండదు. ఏడాదికి 20,500 డాలర్లు, మొత్తం మీద లక్ష డాలర్లు మించి ప్రభుత్వ అప్పు దొరకదు. మెడిసిన్, లా లాంటి చదువులకు ఆ పరిమితి ఇంకా ఎక్కువ. తమను ఆ జాబితాలో చేర్చడం లేదని నర్సుల సంఘాలు 2025 చివర్లో గట్టిగా అభ్యంతరం చెప్పాయి. ప్రైవేటు యూనివర్సిటీ ఫీజులు చూస్తే ఆ కోపం న్యాయమైనదే.

అందుకని, మీకు కావాల్సింది ఆర్‌ఎన్ లైసెన్సు మాత్రమే అయితే, డబ్బు ఇబ్బంది ఉంటే, కమ్యూనిటీ కాలేజీ ఏ.డి.ఎన్. చిన్నచూపు చూడాల్సింది కాదు. రెండో డిగ్రీగా ఏడాది, ఏడాదిన్నరలో ముగిసే యాక్సిలరేటెడ్ బీఎస్ఎన్ (నర్సింగ్ బ్యాచిలర్స్) ఉంది. మాస్టర్స్ ఎవరికి నప్పుతుందంటే, ముందుముందు పాఠాలు చెప్పాలనో, వార్డులో పనుల తీరు మార్చాలనో, పైచదువుకి వెళ్లాలనో ఉన్నవాళ్లకి. మా కోర్సులో ఎపిడెమియాలజీ, క్వాలిటీ ఇంప్రూవ్‌మెంట్, పరిశోధనా పత్రాలు చదివి తూకం వేయడం లాంటివి గట్టిగా చెప్పారు. వరి పొలాల్లో ఫీల్డ్ ట్రయల్స్ లెక్కలు కట్టిన నాకు అవి ఇష్టమైన పాఠాలు. మా ఫ్లోరులో రోగులు మంచం దిగేటప్పుడు పడిపోవడం ఏ వేళల్లో ఎక్కువో చూసి, తగ్గించే పనిలో ఇప్పుడు నేనూ ఉన్నాను. ఆ చదువు అక్కడ అక్కరకొస్తోంది.

ఇంట్లోవాళ్ల సంగతికి వస్తే, మా ఆయన ఒక్కమాట కూడా ఎదురు చెప్పలేదు. మా అత్తయ్యగారు "రాత్రి డ్యూటీలు ఉంటాయటగా, పిల్లలెలా?" అని మాత్రమే అడిగారు. అది అడగాల్సిన ప్రశ్నే. ఎక్కువ బాధపడింది మా అమ్మ. "అగ్రికల్చర్ ఆఫీసర్ కావాల్సిన పిల్లవి, వేరేవాళ్ల మలమూత్రాలు ఎత్తుతావా" అంది. బంధువులతో "మా అమ్మాయి అమెరికాలో హెల్త్‌కేర్‌లో ఎం.ఎస్. చేస్తోంది" అని చెప్పుకునేది. నేను ఫోన్ చేసి "నర్సింగ్ అనే చెప్పమ్మా" అన్నాను. మా అమ్మ పుట్టింది గుంటూరు కుగ్లర్ ఆస్పత్రిలో. అన్నా కుగ్లర్ అనే డాక్టరమ్మ అమెరికా నుంచి 1883లో గుంటూరు వచ్చి, 1890ల్లో కట్టించిన ఆస్పత్రి అది. కాన్పు కష్టమైన రాత్రి తెల్లవార్లూ పక్కన కూర్చున్న నర్సమ్మ గురించి మా అమ్మమ్మ బతికున్నన్నాళ్లూ చెప్పేది. ఆ నర్సమ్మని దేవతలా తలుచుకునే ఇంట్లో, సొంత పిల్ల నర్సవుతానంటే తలదించుకోవడం ఏం న్యాయం? ఈ మాటే మా అమ్మతో అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. ఇప్పుడు బీపీ మాత్ర మార్చినా ముందు నాకే ఫోన్ చేస్తుంది.

క్లినికల్స్‌కి, అంటే రోగుల దగ్గర చేసే శిక్షణకి, ఆస్పత్రిలో అడుగుపెట్టే ముందు కాగితాలు బోలెడు. టీకాల రికార్డులు మనదగ్గర ఉండవు కదా, రక్తపరీక్ష చేయించి తట్టు, ఆటలమ్మ (చికెన్‌పాక్స్), హెపటైటిస్-బీలకి రోగనిరోధక శక్తి ఉందని చూపించాలి. టీబీ పరీక్ష దగ్గర మనవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. చిన్నప్పుడు బీసీజీ వేయించుకున్నవాళ్లకి చర్మం మీద చేసే టీబీ పరీక్షలో జబ్బు లేకపోయినా వాపు రావచ్చు. క్వాంటిఫెరాన్ అనే రక్తపరీక్ష అడగండి, దానిమీద బీసీజీ ప్రభావం ఉండదు. తర్వాత సీపీఆర్ కార్డు, నేర చరిత్ర తనిఖీ, డ్రగ్ టెస్ట్, ఇవన్నీ మామూలే.

మందుల మోతాదు లెక్కల పరీక్షలో దాదాపు పూర్తి మార్కులు రాకపోతే వార్డులోకి పంపరు. కఠినం అనిపించొచ్చు కానీ నాకది నచ్చింది. ఇన్సులిన్ మోతాదులో తేడా వస్తే మనిషి ప్రాణం మీదికి రావచ్చు.

ఇక్కడ రోగుల గురించి రాసినవాటిలో గుర్తుపట్టే వివరాలు మార్చాను. నా యూనివర్సిటీ పేరు, ఆస్పత్రి పేరు రాయకపోవడమూ అందుకే.

మెడ్-సర్జ్ ఫ్లోరులో (మామూలు జబ్బులవాళ్లూ ఆపరేషన్ అయినవాళ్లూ ఉండే వార్డు) క్లినికల్ నడుస్తున్న రోజుల్లో ఒక గదిలో డెబ్బై దాటిన తెలుగు ఆవిడ ఉన్నారు. కొడుకు దగ్గరికి విజిటర్ వీసా మీద వచ్చారు. గాల్ బ్లాడర్ ఆపరేషన్ అయింది. కొడుకు ఆఫీసుకి వెళ్లాడు, మళ్లీ సాయంత్రమే రావడం. రాత్రి నర్సు షిఫ్టు అప్పగిస్తూ "చాలా మంచావిడ, ఒక్కసారి కూడా బెల్ కొట్టలేదు" అంది. నేను ఎవరి వెంట ఉన్నానో ఆ నర్సు ఈ మాట విని సంతోషించలేదు. "ఆపరేషన్ అయిన మనిషి బెల్ ఎందుకు కొట్టలేదో వెళ్లి చూడు" అని నన్ను పంపింది.

గదిలోకి వెళ్లి ముందు బల్ల మీద చూశాను. మగ్గులో నీళ్లు పోసినవి పోసినట్టే ఉన్నాయి. స్ట్రాకి చుట్టిన కాగితం కూడా తీయలేదు. ఊపిరితిత్తులు తెరుచుకోవడానికి గాలి పీల్చే ప్లాస్టిక్ పరికరం ఇస్తారు, అది కవరులోనే ఉంది. బాత్రూంలో మూత్రం కొలవడానికి పెట్టే పాత్ర పొడిగా ఉంది. నాడి చూస్తే 104.

"అమ్మా, నీళ్లు తాగలేదేంటి?" అన్నాను.

ఆవిడ కళ్లు పెద్దవి చేసి "నువ్వు మనపిల్లవా!" అని నా చెయ్యి పట్టుకున్నారు. ఏ ఊరు, ఎవరమ్మాయివి, పిల్లలెంతమంది, అన్నీ అడిగారు. ఆ తర్వాత గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పారు. "తాగితే బాత్రూంకి లేవాలి. లేవాలంటే ఆ పిల్లని పిలవాలి. ఏమని పిలవను తల్లీ? నాకా భాష రాదు. పోనీ అబ్బాయి వస్తాడుగా అని ఓర్చుకుంటే, వాడొచ్చాక వాడితో ఎలా చెప్పను?"

నొప్పి సున్నా నుంచి పదిలో ఎంత అని అడిగితే "రెండు" అన్నారు. పక్కకి తిరగమంటే మంచం కమ్మీ గట్టిగా పట్టుకుని ఊపిరి బిగబట్టారు. అది రెండు కాదు. నొప్పి మాత్ర అలవాటైపోతుందని భయం, అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటం. కడుపు కోసిన మనిషి నొప్పికి భయపడి గట్టిగా గాలి పీల్చకపోతే ఊపిరితిత్తుల అడుగున కఫం చేరి నిమోనియా రావచ్చు. పుస్తకంలో చదివిన ఆ వరస మొత్తం నా కళ్లముందు ఒక మంచం మీద ఉంది.

నర్సుకి చెప్పాను. బ్లాడర్ స్కానర్ పెడితే మూత్రాశయం నిండుగా ఉంది. ఇద్దరం పట్టుకుని మెల్లగా బాత్రూంకి నడిపించాం. నాకు తెలుగు వచ్చు కదా అని వైద్యం విషయాలన్నీ నేనే అటూ ఇటూ చెప్పడానికి వీల్లేదు. అర్హత ఉన్న ఇంటర్‌ప్రెటర్ ఉండాలి. అది రోగి హక్కు, రోగి ఒక్క డాలరు కట్టనక్కర్లేదు. చక్రాల స్టాండు మీద టాబ్లెట్ తెచ్చి తెలుగు ఇంటర్‌ప్రెటర్‌తో మాట్లాడించాం. నొప్పి మందు ఎందుకు వేసుకోవాలో డాక్టరు వివరంగా చెప్పింది. మధ్యాహ్నం నేను ఒక తెల్లకాగితం తీసుకుని నీళ్లు, బాత్రూం, నొప్పి, చలి, వాంతి అని ఎడమవైపు తెలుగులో, కుడివైపు ఇంగ్లీషులో పెద్దక్షరాలతో రాసి కమ్మీకి అతికించాను. వేలుపెట్టి చూపిస్తే చాలు. బెల్ ఎలా నొక్కాలో నేర్పించి, నేను గది బయటికి వెళ్లి నిలబడి, ఆవిడ చేత నొక్కించాను.

మన అమ్మానాన్నలు ఎంతమంది ఇక్కడి ఆస్పత్రుల్లో ఇలా నోరు మెదపకుండా పడుకుని ఉంటున్నారో అని ఇప్పటికీ నాకు మనసులో మెదులుతూనే ఉంటుంది. మీవాళ్లు ఎవరైనా చేరితే, "మా అమ్మకి ఇంగ్లీషు రాదు, ప్రతిసారీ తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలి" అని చేర్చేటప్పుడే చెప్పండి. "నేను చెబుతాలే" అని మీరు ఒప్పుకోకండి. కొడుకు ముందు, కోడలి ముందు చెప్పలేని మాటలు వాళ్లకి చాలా ఉంటాయి.

ఇంకో రోగి, ఇల్లినాయ్ మొక్కజొన్న రైతు. గుండె బలహీనపడి కాళ్లలో నీరు చేరి వచ్చాడు. రోజులో రెండుమూడు పౌండ్లు గానీ, వారంలో ఐదు పౌండ్లు గానీ బరువు పెరిగితే వెంటనే ఫోన్ చేయాలని ఎన్నిసార్లు చెప్పినా ఇంట్లో బరువు చూసుకోవడం లేదు. నేను ఆయన పొలం గురించి అడిగాను. అక్కడి నల్లటి నేలల్లో నీరు నిలవకుండా నేలలోపల పైపులు వేస్తారు. ఏ చేలో ముందు నీరు నిలుస్తుందో ఎలా పసిగడతారని అడిగితే అరగంట చెప్పాడు. బాపట్లలో చివరి ఏడాది రావెప్ అనే గ్రామీణ శిక్షణలో మమ్మల్ని పల్లెల్లో ఉంచేవాళ్లు. సలహా చెప్పే ముందు రైతు ఏం చేస్తున్నాడో, ఎందుకు చేస్తున్నాడో అడిగి రాసుకోవాలన్నది అక్కడి నియమం. ఇక్కడా అదే పని చేశాను. పొద్దున్నే కాఫీ పెట్టుకునే ముందు వాన గేజి చూసి డైరీలో రాస్తాడట. ఆ డైరీలోనే పక్కన బరువు రాయమన్నాను. ఒప్పుకున్నాడు. ఏం తింటావంటే డబ్బా సూపులు, హామ్ అన్నాడు. డబ్బా మీద సోడియం ఎక్కడ చూడాలో చూపించాను.

పరీక్ష గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, కానీ మనవాళ్లు తడబడే చోటు ఒకటుంది. 2023 ఏప్రిల్ నుంచి ఎన్‌క్లెక్స్ కొత్త పద్ధతిలో జరుగుతోంది. తక్కువలో తక్కువ 85 ప్రశ్నలు, ఎక్కువలో ఎక్కువ 150, ఐదు గంటల సమయం. మన జవాబులను బట్టి కంప్యూటరు తర్వాతి ప్రశ్న ఇస్తుంది. ఒకే రోగి కథ సాగుతూ ఉంటుంది, మధ్యలో ల్యాబు రిపోర్టులు మారుతుంటాయి. నాలుగు జవాబులూ నిజమే అయ్యుండొచ్చు, ముందు ఏది చేస్తావన్నదే ప్రశ్న. బట్టీ పట్టి గట్టెక్కినవాళ్లకి ఇది చాలా టెన్షన్. రోజూ కొన్ని ప్రశ్నలు చేసి, తప్పయినవే కాకుండా ఒప్పయినవి కూడా ఎందుకు ఒప్పో చదవడం ఒక్కటే పనిచేస్తుంది.

వీసా గురించి ఊళ్లో తిరిగే మాటలు కొన్ని సరిచేయాలి. హెచ్-4 మీద చదువుకోవచ్చు, ఎఫ్-1 స్టూడెంట్ వీసాకి మారక్కర్లేదు. క్లినికల్స్‌కి జీతం ఉండదు కాబట్టి వర్క్ పర్మిట్ అవసరం లేదు. ఉద్యోగానికి మాత్రం ఈఏడీ, అంటే వర్క్ పర్మిట్ కార్డు, ఉండాలి. అది 2015 మే నుంచి, భర్తకో భార్యకో ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ పెట్టే దరఖాస్తు) ఆమోదం పొందినవాళ్లకి ఇస్తున్నారు. 2025 అక్టోబర్ 30 నుంచి పెట్టుకునే రెన్యువల్స్‌కి ఆటోమేటిక్ పొడిగింపు తీసేశారు. కార్డు చేతికి రాకుండా గడువు అయిపోతే షిఫ్టులు ఆపేయాల్సిందే. అందుకే వీలైనంత ముందుగా పెట్టుకోవాలి. "నర్సయితే గ్రీన్ కార్డు తొందరగా వస్తుందట" అని అడుగుతుంటారు. నర్సులకి లేబర్ సర్టిఫికేషన్ (ఆ ఉద్యోగానికి ఇక్కడివాళ్లు దొరకలేదని కంపెనీ చూపించే మెట్టు) అవసరం లేదన్నది నిజం, ఆ మేరకు ఒక మెట్టు తగ్గుతుంది. ఇండియాలో పుట్టినవాళ్ల క్యూ మాత్రం అందరితో పాటే. మామూలు వార్డు నర్సు ఉద్యోగానికి హెచ్-1బీ రావడం కూడా కష్టం. వీసా కోసం ఈ దారి పట్టొద్దని నా సలహా.

ఇంత చదివాక కూడా ఆసక్తి ఉంటే, వేలకి వేలు కట్టే ముందు సీఎన్‌ఏ క్లాసులో చేరండి. నర్సింగ్ అసిస్టెంట్ శిక్షణ అది, చాలా కమ్యూనిటీ కాలేజీల్లో ఒక్క సెమిస్టర్‌లో అయిపోతుంది. ఒళ్లు తుడవడం, డైపరు మార్చడం, లేవలేని మనిషిని మంచం మీద పక్కకి తిప్పడం, అన్నం తినిపించడం అక్కడ చేతులతో చేస్తారు. వృద్ధాశ్రమంలో కొన్ని గంటల పని కూడా ఉంటుంది. అది చేశాక ఇంటికొచ్చి మీకేమనిపించిందో మీకే తెలుస్తుంది. ఇష్టంగానే ఉంటే అనాటమీ-1 తో మొదలుపెట్టండి. ల్యాబు కాలేజీకి వెళ్లి చేసేదే తీసుకోండి, ఆన్‌లైన్ ల్యాబును ఒప్పుకోని యూనివర్సిటీలు ఉన్నాయి. చేరాలనుకున్న చోటి అడ్మిషన్స్ వాళ్లకి ముందే మెయిలు పెట్టి, ఫలానా కాలేజీలో ఫలానా కోర్సు మీకు సరిపోతుందా అని అడిగి, వాళ్ల జవాబు దాచుకోండి.